వణకులన్నియు ఒకటి కావు

ఇంటి పెద్దల చేయి వణక నారంభించినచో మనలో సాధారణముగా రెండు మాటలు వినబడును. "ముసలితనమున అది సహజమే" అనునది మొదటిది. "అది పార్కిన్సన్ జబ్బు, దానికి మందు లేదు" అనునది రెండవది. మొదటి మాట విని రోగి వైద్యుని గడప త్రొక్కడు. రెండవ మాట విని రోగియు, ఇంటివారును ఆశ వదలుకొందురు. రెండును తొందరపాటు మాటలే. పార్కిన్సన్ వ్యాధిని నిర్మూలించు మందు లేదు గాని, రోగి ఏండ్ల తరబడి తన పని తాను చేసికొనునట్లు నిలువబెట్టు మందులు గలవు. అంతకంటె ముఖ్యమైన విషయము మఱియొకటి యున్నది. పార్కిన్సన్ వ్యాధివలె కన్పట్టుచు, అది కాని వ్యాధులు పెక్కు గలవు. వానిలో కొన్ని కారణమును తొలగించినచో తగ్గును. కొన్నింటికి శస్త్రచికిత్స గలదు. కొన్నింటికి మందు అంతగా పనిచేయకపోయినను, ముందు జాగ్రత్త వలన ప్రమాదములు తప్పును. కావున ఇది ఏ వణకు అని విచారించుటయే చికిత్సలో మొదటి మెట్టు.

శ్రీకాకుళమునకు చేరువనున్న శ్రీకూర్మ క్షేత్రమును తలంచుకొనుడు. పితృకార్యములు జరుపుకొనుటకును, కూర్మనాథుని దర్శించుటకును అచ్చటికి వృద్ధులు ఎందఱో వచ్చుచుందురు. ఆలయమున పెంచుచున్న నక్షత్రపు తాబేళ్లను చూచి పిల్లలు ముచ్చటపడుదురు. ఆ గడపలు, ఆ ప్రదక్షిణ మార్గము, శ్వేతపుష్కరిణి మెట్లు ఒక విధముగా నాడీవైద్యుని పరీక్షాశాల వంటివి. నడచునపుడును, వంగునపుడును, మెట్టు దిగునపుడును శరీరములోని లోపము బయటపడును. నలుగురు వృద్ధులను ఊహించుకొందము. ఒకరు తీర్థము పుచ్చుకొనబోగా అరచేయి వణకి తీర్థము తొలకిపోవును. ఒకరు గడప యొద్దకు వచ్చి, పాదములు నేలకు అంటుకొనినట్లు నిలిచిపోవుదురు. ఒకరు మెట్టు దిగవలసి వచ్చినపుడు క్రిందికి చూడలేక తడుముకొందురు. ఒకరు సాగిలపడి లేచినంతనే కన్నులు చీకట్లు క్రమ్మి కూలబడుదురు. వెంట వచ్చిన బంధువులు ఆ నలుగురిని గూర్చియు "వణకు జబ్బు" అనియే చెప్పుదురు. కాని ఆ నలుగురివి నాలుగు వేఱువేఱు వ్యాధులు కావచ్చును.

వానిని విడదీయుటకు ముందు అసలు పార్కిన్సన్ వ్యాధి లక్షణములు తెలియవలెను. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగులను వర్ణించుచు ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. వారిలో కొందఱిని ఆయన వీధిలో నడచుచుండగా మాత్రమే చూచెను. చూపు నిశితమైనచో నడకయే సగము వ్యాధిని చెప్పునన్నమాట. మెదడు క్రింది భాగమున నల్లని రంగు గల కణముల గుంపు ఒకటి గలదు. ఆ కణములు డోపమీను అను రసాయనమును తయారుచేయును. మన కదలికలు తడబాటు లేక సాగుటకు ఆ రసాయనమే ఆధారము. ఆ కణములు క్రమముగా నశించుటయే పార్కిన్సన్ వ్యాధి.

దాని తీరు ఇట్లుండును. సాధారణముగా ఒక ప్రక్కనే, ఒక చేతనే మొదలగును. చేయి ఒడిలో ఊరకయున్నపుడు వణకును. పనికి పూనుకొనినపుడు ఆ వణకు తగ్గును. బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిసి మాత్రను నలుపుచున్నట్లు కదలును. పనులన్నియు మందగించును. కీళ్లు బిగియును. నడచునపుడు ఒక చేయి ఊగుట మానును. వ్రాయునపుడు పంక్తి చివరకు వచ్చుసరికి అక్షరములు చీమలంతగా చిన్నవగును. ఈ లక్షణములకు ఎన్నియో ఏండ్ల ముందే వాసన తెలియకపోవుట, మలబద్ధకము, నిద్రలో కేకలు వేయుచు చేతులు విసరుట కొందఱిలో కన్పట్టును. వణకు లేని పార్కిన్సన్ రోగులును గలరు. కావున వణకు ఉన్నదనిన మాత్రమున పార్కిన్సన్ అనరాదు. వణకు లేదనిన మాత్రమున కాదనరాదు.

ఇక మన నలుగురి సంగతి చూతము. తీర్థము తొలకించుకొనిన పెద్దమనిషి చేయి పని చేయునపుడే వణకుచున్నది. గ్లాసు పట్టినను, సంతకము చేసినను, చెంచా నోటికి తీసికొనిపోయినను వణకును. ఒడిలో ఉంచినపుడు నిలుచును. రెండు చేతులును వణకుట పరిపాటి. తలయు, కంఠమును వణకవచ్చును. విచారించినచో తండ్రికో, మేనత్తకో అదియే యుండెనని తెలియుట కద్దు. దీనికి వైద్యులు ఎసెన్షియల్ ట్రెమర్ అని పేరిడిరి. ఇది పార్కిన్సన్ వ్యాధికంటె ఎక్కువమందిలో కన్పట్టునది. దీనికి మందులు వేఱు. అట్లే కంఠమునందలి థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేసినను చేతులు సన్నగా వణకును. ఒక రక్తపరీక్షతో ఆ సంగతి తేలిపోవును.

గడప యొద్ద పాదములు అంటుకొనిన వృద్ధునకు చేతులలో వణకు లేదు. ముఖమున కళ యున్నది. చేతులు బాగుగనే ఊగుచున్నవి. లోపమంతయు నడకలోనే యున్నది. ఇట్టివారిని మఱి రెండు ప్రశ్నలు అడుగవలెను. మూత్రము ఆపుకొనలేకపోవుచున్నారా? మఱపు పెరిగినదా? మూడును కలిసియున్నచో, మెదడు లోపలి గదులలో నీరు నిలిచి అవి ఉబ్బినవేమో చూడవలెను. సాలమన్ హకీమ్ అను కొలంబియా దేశపు వైద్యుడును, ఆయన సహచరులును 1965లో ఈ వ్యాధిని లోకమునకు తెలిపిరి. నడుము నుండి కొంత నీరు తీసి, నడక మెరుగుపడునేమో వైద్యులు పరీక్షింతురు. మెరుగుపడినచో సన్నని గొట్టమొకటి అమర్చి ఆ నీటిని పొట్టలోనికి మరలింతురు. సకాలమున చేసినచో మంచము పట్టినవారు లేచి నడచిన సందర్భములు గలవు. పార్కిన్సన్ అని ముద్రవేసి ఊరకుండినచో ఆ అవకాశము చేజారును. రక్తపోటు, మధుమేహము చిరకాలముగా ఉన్నవారికి మెదడులో చిన్నచిన్న రక్తనాళములు మూసికొనిపోయినను నడక ఇట్లే చెడును. అచ్చట రక్తపోటును, చక్కెరను అదుపున ఉంచుటయే ముఖ్య చికిత్స.

మెట్టు దిగలేని మూడవ వృద్ధునకు కాళ్లలో బలమున్నది; కాని కన్నులు క్రిందికి తిరుగవు. కంచములోని అన్నము సరిగా కనబడక చొక్కాపై పోసికొనును. వ్యాధి మొదలైన సంవత్సరములోపలనే పలుమారులు వెనుకకు విరుచుకొని పడును. 1964లో స్టీల్, రిచర్డ్‌సన్, ఓల్షెవ్‌స్కీ అను మువ్వురు వైద్యులు కెనడాలో వర్ణించిన వ్యాధి యిది. లేచినంతనే కూలబడిన నాల్గవవానిలో నిలుచున్నపుడు రక్తపోటు ఒక్కసారిగా పడిపోవుచున్నది. దానితోపాటు మూత్రపు ఇబ్బంది, మాట ముద్దకట్టుట, నిద్రలో గొంతు నుండి వింత శబ్దము వచ్చుట ఉన్నచో, మెదడులో పలు భాగములు ఒకేసారి క్షీణించు వ్యాధి యేమో అని వైద్యులు అనుమానింతురు. ఈ రెండు వ్యాధులకును పార్కిన్సన్ మందులు స్వల్పముగానే పనిచేయును. పనిచేసినను ఎక్కువ కాలము నిలువదు.

అట్లయిన పేరు తెలిసికొని ప్రయోజనమేమి అని అడుగవచ్చును. ప్రయోజనమున్నది. వెనుకకు పడునని తెలిసినచో స్నానపు గదిలో పట్టుకొమ్మీ అమర్చవచ్చును. మెట్లపై ఒంటరిగా విడువకుండవచ్చును. మ్రింగునపుడు అన్నము గాలిగొట్టములోనికి పోవు ప్రమాదమున్నదని తెలిసినచో మెత్తని ఆహారము కొద్దికొద్దిగా పెట్టవచ్చును. నిలుచున్నపుడు రక్తపోటు పడిపోవుచున్నవారికి, ఎన్నడో వ్రాసిన రక్తపోటు మాత్రను అట్లే కొనసాగించుట హానికరము. వైద్యుడు దానిని తగ్గించును. ఇంటివారికిని, రానున్నది ముందే తెలియుట వలన ధైర్యము చిక్కును.

ఆ నలుగురి సరసన ఐదవవారు ఒకరు గలరు. వారిని చూచి వ్యాధి చెప్పుట నిపుణులకును కష్టమే. ఏలయనగా వారి ముఖము, నడక, బిగువు, వణకు అన్నియు పార్కిన్సన్ వ్యాధినే పోలియుండును. తేడా వారి శరీరములో గాక వారి మందుల సంచిలో ఉండును. డోపమీను పనిని అడ్డగించు మందులు నిత్యవాడుకలో చాల గలవు. వాంతులు ఆపు మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్. తలతిరుగుడుకు వాడు సిన్నరిజిన్. పార్శ్వపు తలనొప్పికి వాడు ఫ్లునరిజిన్. కడుపుబ్బరమునకు పుల్లత్రేన్పుల మాత్రతో కలిపి ఇచ్చు లెవోసల్పిరైడ్. మానసిక వ్యాధులకు వాడు హాలోపెరిడాల్ మున్నగునవి అట్టివే. వీనిలో ఒక్కొక్కటియు తన స్థానమున మేలైన మందే. చిక్కు ఎచ్చట వచ్చుననగా, నాలుగు దినములకు వ్రాసిన చీటీని నాలుగు నెలలు, నాలుగేండ్లు మందుల దుకాణమున చూపి కొనుచుండుటలో వచ్చును. మెటోక్లోప్రమైడును 5 దినములకు మించి వాడవలదని ఐరోపా ఔషధ సంస్థ 2013లో హెచ్చరించినది.

శ్రీకాకుళము జిల్లా వారు ఈ విషయమున మఱింత మెలకువగా ఉండవలసిన కారణమొకటి గలదు. ఉద్దాన ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో మన మెఱుగుదుము. మూత్రపిండములు చెడినవారికి వాంతులు, వికారము సహజముగా వచ్చును. ఆ వాంతులకు వాడు మెటోక్లోప్రమైడు శరీరము నుండి వెడలిపోవలసినది చాలవరకు మూత్రపిండముల ద్వారానే. అవి పనిచేయనపుడు మందు లోపల నిలువయగును. సామాన్య మోతాదే అధిక మోతాదగును. అట్టివారిలో బిగువు, మందగమనము, వణకు కన్పట్టినచో క్రొత్త రోగము వచ్చినదనుకొనుటకు ముందు పాత మందును అనుమానింపవలెను. కారణమైన మందును ఆపిన పిమ్మట కొన్ని వారములలోనో, కొన్ని నెలలలోనో చాలమందికి తగ్గును. తగ్గనివారిలో లోలోపల ఉన్న పార్కిన్సన్ వ్యాధిని ఆ మందు బయటపెట్టినదని భావింతురు. అయినను ఏ మందును, ముఖ్యముగా మానసిక వ్యాధుల మందును, మనంతట మనము ఆపరాదు. వ్రాసిన వైద్యునితో చెప్పి మార్పించుకొనవలెను.

మందు వలన పార్కిన్సన్ లక్షణములు వచ్చునను జ్ఞానమే పార్కిన్సన్ వ్యాధికి చికిత్స చూపినది. ఆ కథలో మన దేశపు వేరొకటి పాత్ర వహించుట విశేషము. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గించునని 1931లో గణనాథసేన్, కార్తికచంద్ర బోస్ అను కలకత్తా వైద్యులు ప్రకటించిరి. దాని నుండి తీసిన రిసర్పిన్ అను మందు 1950 దశకమున లోకమంతట వాడుకలోనికి వచ్చెను. దానిని పుచ్చుకొనిన కొందఱు బిగుసుకొని, మందగించి, పార్కిన్సన్ రోగులవలె అయిరి. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చి అవి కదలక పడియుండగా, లెవోడోపా అను పదార్థము నిచ్చెను. అవి లేచి తిరుగసాగెను. ఆ లెవోడోపాయే నేటికిని పార్కిన్సన్ రోగులకు ముఖ్యమైన మందు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమానము లభించినది.

ఇంతవరకు వృద్ధుల మాట చెప్పితిని. పదునైదేండ్ల బాలునకో, ఇరువదియైదేండ్ల యువతికో ఇట్టి లక్షణములు వచ్చినచో వేఱు విధముగా ఆలోచింపవలెను. 1912లో కిన్నియర్ విల్సన్ వర్ణించిన వ్యాధి ఒకటి గలదు. అందు ఆహారములోని రాగి శరీరము నుండి వెలువడక కాలేయమునందును, మెదడునందును పేరుకొనిపోవును. వణకు, మాట తడబాటు, చొంగ కార్చుట, చదువులో వెనుకబడుట, కోపతాపములు దీని గుర్తులు. కంటి నల్లగ్రుడ్డు చుట్టును గోధుమరంగు వలయము ఏర్పడవచ్చును. తల్లిదండ్రులిరువురిలోను దాగియున్న లోపము బిడ్డలో కలిసినపుడే యిది వచ్చును గనుక, మేనరికములు తఱచుగా జరుగు కుటుంబములలో దీనికి అవకాశము హెచ్చు. శరీరము నుండి రాగిని వెడలించు మందులు గలవు. ముందుగా గుర్తించినచో బిడ్డ దక్కును; "గాలి సోకినది" అని కాలము గడపినచో కాలేయము చెడును. ఇంటిలో ఒకరికి ఉన్నచో తోబుట్టువులందఱికిని పరీక్ష చేయింపవలెను. మెదడువాపు జ్వరము తగిలి కోలుకొనిన పిల్లలలోను కొందఱికి ఇట్టి బిగువు, వణకు మిగులును. వారిలో పలువురు నెలలు గడచుకొలది బాగుపడుదురు.

ఉత్తరాంధ్రమునకు ప్రత్యేకముగా సంబంధించిన కారణము మఱియొకటి యున్నది. అది మాంగనీసు. భారతదేశమున మాంగనీసు గనుల త్రవ్వకము 1892లో నేటి విజయనగరము జిల్లాలోని కోడూరు ప్రాంతముననే ఆరంభమైనది. అచ్చటి శిలలకు భూగర్భశాస్త్రజ్ఞుడు ఫెర్మర్ కోడురైట్ అని ఆ ఊరి పేరే పెట్టెను. గరివిడి, చీపురుపల్లి ప్రాంతములలో ఈ ఖనిజము తరతరములుగా కూలి ఇచ్చినది. ఖనిజము మట్టిలో ఉన్నంతవరకు చేటు లేదు. దానిని పొడి కొట్టునపుడు లేచు దుమ్మును, కరగించునపుడు లేచు పొగను ఏండ్ల తరబడి పీల్చినచో ఆ లోహము మెదడులో చేరును. 1837లో జాన్ కూపర్ అను స్కాట్లండు వైద్యుడు మాంగనీసు పొడి కొట్టు కూలీలలో ఈ వ్యాధిని మొదట వర్ణించెను. వారు ముందునకు తూలుచు నడచిరి; మాట బలహీనపడెను; కాని వణకు లేదు.

మాంగనీసు రోగికిని, పార్కిన్సన్ రోగికిని భేదము అచ్చటనే యున్నది. మాంగనీసు వ్యాధిలో మొదట మనస్సు చెదరును. కారణము లేక నవ్వుట, ఏడ్చుట, చిరచిరలాడుట కన్పట్టును. పిమ్మట మడమలు నేలకు ఆనక, మునివ్రేళ్లపై కోడివలె నడచును. వెనుకకు నడువుమన్నచో పడిపోవును. ఒక ప్రక్క గాక సామాన్యముగా రెండు ప్రక్కలును ఒకేసారి చెడును. 1967లో లెవోడోపాను అధిక మోతాదులలో ఇచ్చి పార్కిన్సన్ రోగులను లేపి నడిపించిన జార్జి కోట్జియాస్, ఆ కాలముననే చిలీ దేశపు మాంగనీసు గని కార్మికులను కూడ పరిశీలించుచుండెను. మాంగనీసు రోగులకు లెవోడోపా అంతగా పనిచేయదని తరువాతి పరిశోధనలలో తేలినది. దుమ్ము నుండి రోగిని తప్పించుట, అసలు దుమ్ము లేవకుండ నీరు చల్లి పనిచేయుట, ముఖమునకు తగిన తొడుగు ధరించుట, ఇవియే నిజమైన రక్షణలు. గనిలోగాని, కొలిమి యొద్దగాని, వెల్డింగు పనిలోగాని ఏండ్లు గడపినవారు వైద్యునికి ఆ మాట తప్పక చెప్పవలెను. వైద్యుడు వ్యాధిని చూడగలడు గాని, అడుగకయే గతమును చూడలేడు గదా!

పార్కిన్సన్ వ్యాధిని ఒక్క రక్తపరీక్షతో తేల్చు ఉపాయము వైద్యశాలలలో ఇంకను వాడుకకు రాలేదు. వైద్యుడు నడిపించి, వ్రాయించి, వ్రేళ్లు తట్టించి, కన్నులు త్రిప్పించి చూచును. మెదడు చిత్రము తీయించునది ముఖ్యముగా నీరు, గడ్డలు, మూసుకొనిన రక్తనాళములు ఉన్నవేమో తెలిసికొనుటకే. డోపమీను కణముల స్థితిని చూపు ప్రత్యేక చిత్రములును గలవు. మందు వలన వచ్చిన వణకును అసలు వ్యాధి నుండి విడదీయుటకు అవి తోడ్పడును. వీనితోపాటు లెవోడోపాను తగిన మోతాదులో కొన్ని వారములు ఇచ్చి చూచుటయు ఒక పరీక్షయే. స్పష్టమైన మేలు కన్పట్టినచో పార్కిన్సన్ అనుటకు బలము చేకూరును. ఈ లెవోడోపా మన పొలము గట్లపై పెరుగు దూలగొండి గింజలలో ఉన్నదని 1937లో మదరాసు విశ్వవిద్యాలయమున దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇది విని గింజలు దంచి ఇంటిలోనే వైద్యము చేయబూనరాదు. గింజ గింజకును మోతాదు మారును. పార్కిన్సన్ కాని వ్యాధిలో అది మేలు చేయకపోగా వాంతులును, మతిభ్రమయు కలిగింపవచ్చును.

మఱి గృహస్థులు చేయదగినదేమి? వైద్యుని యొద్దకు పోవుటకు ముందు ఒక కాగితముపై ఆరు విషయములు వ్రాసికొనవలెను. వణకు ఊరకయున్నపుడా, పనిచేయునపుడా. ఒక ప్రక్కనా, రెండు ప్రక్కలనా? మొదట వచ్చినది చేతి వణకా, నడక తడబాటా, పడిపోవుటయా? గత సంవత్సరమున మ్రింగిన మందులన్నియు ఏవి? వాంతులకు, తలతిరుగుటకు, కడుపుబ్బరమునకు కొనినవియు, నాటుమందులును ఇందు చేరవలెను. వాని పెట్టెలు, చీటీలు సంచిలో వేసికొని పోవుట ఉత్తమము. పూర్వము చేసిన పనియేమి? రక్తసంబంధులలో మఱెవ్వరికైన ఇట్టి జబ్బు ఉండెనా? రోగి నడచుటను ఇంటిలోని ఫోనుతో చిత్రించి చూపినచో ఇంకను మంచిది. ఈ వివరములతో పోయినచో జిల్లా ఆస్పత్రి వైద్యునికైనను, విశాఖపట్టణము కింగ్ జార్జి ఆస్పత్రిలోని నాడీవైద్యునికైనను సగము పని సులభమగును. ఒకసారి చెప్పిన పేరే కడవరకు నిలువనక్కరలేదు. ఆరు నెలలకో, సంవత్సరమునకో మరల పరీక్షింపజేసికొనవలెను. మొదట పార్కిన్సన్ అనిపించినది తరువాత వేఱొకటిగా తేలుట వైద్యమున సామాన్యమే.

పెద్దల చేయి వణకినచో ముసలితనమును నిందించి ఊరకుండవలదు. పార్కిన్సన్ అను పేరు విని దిగులుపడనువలదు. ఆ చేయి ఎప్పుడు వణకుచున్నది, ఆ అడుగు ఎచ్చట ఆగుచున్నది, ఆ సంచిలో ఏ మాత్రలున్నవి అని ఓపికతో గమనింపవలెను. ఆ గమనికతోనే చికిత్స మొదలగును.